అవ్వ ఆపనివ్వని పుస్తకం

మా అవ్వకు పుస్తకమంటే పురాణమే. ఇంకో రకం పుస్తకం ఉంటుందని ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. అందుకే నాయన మద్రాసు పోయినప్పుడు తెలుగులోకి దించిన ఇటుకరాయంత రష్యా నవల కొనుక్కొస్తే అవ్వ దాన్ని పీట మీద పెట్టింది. పక్కన గిన్నెలో కలకండ పెట్టింది. అట్ట మీద బొచ్చు టోపీ పెట్టుకున్న దొరసాని బొమ్మ ఉంది. చూపు సరిగ్గా ఆనకపోయినా అవ్వ పెట్టిన కుంకుమ బొట్టు తిన్నగా ఆ దొరసాని నుదుటి మీదే పడింది. "ఇప్పుడు చూడు, ముత్తైదువ మాదిరి ఉండాది" అని సంతోషించింది.

అవి డెబ్బయ్యో దశకం చివరి ఏళ్లు. తిరుత్తణి బజారులో నాయనకు మళిగె కొట్టు ఉండేది. ఉప్పు, పప్పు, చింతపండు, బెల్లం. ఎండాకాలం వస్తే కొట్టుకు కావలసిన చింతపండంతా ఇంట్లోనే గింజలు తీసి ముద్దలు కట్టేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వ, అమ్మ, పక్కింటి అత్త, మా అక్క నడవలో చింతపండు ముందేసుకుని కూర్చుంటే, కాలేజీ సెలవులకు ఇంట్లో ఉన్న నేను చదివేదాన్ని. అవ్వకు కళ్ళలో పొర. అమ్మ అక్షరాలు కూడబలుక్కోవాలి. అక్క తిరువళ్ళూరులో మేనమామ ఇంట్లో పెరిగి తమిళ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుందే గాని చదవడం రాదు. నేను అవ్వ కొంగు పట్టుకుని తెలుగు బడికి పోయినదాన్ని కాబట్టి ఈ చాకిరీ నా నెత్తిన పడింది.

అవ్వకు చదువు విషయంలో పట్టింపులుండేవి. పైకి చదవడం మొదలుపెట్టిన పుస్తకం మధ్యలో ఆపితే ఇంటికి అరిష్టం. ఏ పూటకాపూట ఆపేటప్పుడు కూడా చావు దగ్గర గాని, ఎడబాటు దగ్గర గాని ఆపరాదు. ఏదో ఒక శుభం వచ్చేదాకా చదివి, అక్కడ ఆపి, కలకండ పంచాలి. రామాయణం రాసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. రష్యావాళ్ళకు తెలియదు. శుభం కోసం వెతుక్కుంటూ నేను ఒక్కోరోజు గొంతు బొంగురుపోయేదాకా చదివాను. ఏమీ దొరకనప్పుడు, ఎవరో విందుకు కూర్చున్నారనే చోట అవ్వను బతిమాలి ఒప్పించాను.

కథ ఇది. పెద్ద ఉద్యోగం చేసే మొగుడు, చిన్న కొడుకు ఉన్న ఒక ఇల్లాలు మిలిటరీ అధికారి మీద మనసుపడి ఇల్లు విడిచిపోతుంది. వాడిని ఊళ్ళో గొప్పవాళ్ళు ఎప్పటిలాగే విందులకు పిలుస్తారు. ఆమె ముఖాన మాత్రం తలుపులు వేస్తారు. ఇంకోవైపు పల్లెలో పొలం చేసుకునే ఒక మంచివాడు, వాడి పెళ్ళాం, వాళ్ళ సంసారం.

మొదట తకరారు పేర్ల దగ్గరే వచ్చింది. "ఒక మనిషికి మూడు పేర్లు ఏంటికే? కొండమీద సామికి ఉన్నట్టు!" అని అవ్వ విసుక్కుంది. ఆ రోజు నుంచి ఆ ఇల్లాలిని ఆయమ్మ అన్నాం, మొగుణ్ణి దొర అన్నాం, ప్రియుణ్ణి మిలిటరీవాడన్నాం. దొర చెవులు పెద్దవని, అవి చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుందని చదివినప్పుడు అవ్వ నొచ్చుకుంది. "చెవులు పెద్దగా ఉంటే ఆయుస్సు. అంత మంచి లక్షణం దీనికి నచ్చలేదంటే ఏం చెప్పేది!" పక్కింటి అత్తది ఒకటే మాట. "కొళుప్పు! తిన్నది అరగక. వేళకు కూడు, ఒంటి నిండా నగలు ఉంటే ఇట్లాంటి బుద్ధులే పుడతాయి." అని తిట్టినా, మరునాడు అందరికంటే ముందు వచ్చి కూర్చునేది కూడా ఆమే. అమ్మ ఎవరినీ తిట్టేది కాదు. నేను పేజీ తిప్పిన ప్రతిసారీ అక్క ముఖం వైపు చూసేది.

నేనూ అదే పని చేసేదాన్ని. ఎందుకంటే అక్క కూడా ఇల్లు విడిచి వచ్చిన మనిషే.

అక్కను పొన్నేరిలో బియ్యం మండీ వాళ్ళింటికి ఇచ్చారు. ఆ సంక్రాంతి ముందు ఏదో మాటా మాటా పెరిగి బావ చెయ్యి చేసుకున్నాడు. అది మొదటిసారి కాదని మాకు తర్వాత తెలిసింది. అక్క కట్టుబట్టలతో బయలుదేరితే, అయిదేళ్ళ కొడుకును మాత్రం గడప దగ్గర లాగేసుకున్నారు. అక్క వెనక ఏ మిలిటరీవాడూ లేడు. కానీ వీధి ఊరుకుంటుందా? నిప్పు లేనిదే పొగ వస్తుందా అంది. దాంతో పక్కింటి అత్త ఆయమ్మను అనే ప్రతి మాటా చింతపండు మీదుగా వెళ్ళి అక్కకు తగిలేది. అక్క తలెత్తేది కాదు. గింజలు తీస్తూనే ఉండేది. సాయంత్రమైతే రైలు కట్ట పక్కగా ఒంటరిగా నడిచిపోయి, చీకటి పడే వేళకు తిరిగొచ్చేది. రాత్రి అన్నం కెలికి లేచిపోయేది.

ఇట్లా ఉండగా నేను ఆగలేక చివరి పేజీలు తిరగేశాను. ఆయమ్మ రైలు కింద పడి చచ్చిపోతుంది.

ఇక ఆ ఎండాకాలమంతా నాకు భయమే. పుస్తకం కుడి చేతివైపు పలచబడేకొద్దీ తప్పించుకోవడానికి సాకులు వెతికాను. జ్వరమన్నాను, అవ్వ కషాయం కాచి పోసింది. చివరి పేజీలు లేవన్నాను, అవ్వ పుస్తకాన్ని తీసుకుని వెనక అట్టను వేళ్ళతో తడిమి, "అన్నీ ఉండాయి, సాకులు చెప్పకుండా సుమ్మా చదువు" అంది. ఒకరోజు బావి దగ్గర అమ్మ నన్ను పట్టుకుని, ఆయమ్మ ఆఖరుకు ఏమౌతుందని అడిగింది. చెప్పాను. అమ్మ చేదను గట్టు మీద పెట్టింది.

"మార్చి చదువు మే" అంది. "దొర క్షమించి పిలుచుకొని పోయినాడని చదువు. ఎవురికి తెలుస్తాది? మీ అక్కకు గూడా బుద్ధి మారుతుందేమో."

నాకు అమ్మ మీద కోపమొచ్చింది. అక్కను బతికించుకోవాలని నేననుకుంటుంటే, అదే దెబ్బతో అత్తింటికి కూడా తోలేయాలని అమ్మ చూస్తోంది. కానీ అంతకంటే మంచి ఉపాయం నాకూ తోచలేదు. సరేనన్నాను.

కొడుకు పుట్టినరోజున ఆయమ్మ దొంగతనంగా దొర ఇంటికి పోయి, నిద్ర లేస్తున్న పిల్లవాణ్ణి చూసుకునే ఘట్టం వచ్చిన రోజు పక్కింటి అత్త కూడా కళ్ళు తుడుచుకుంది. "పావం, ఎంతైనా తల్లి కదా" అంది. అక్క లేచి పెరట్లోకి పోయింది. నేను ఆపబోతే అవ్వ ఊరుకోలేదు, ఎడబాటు దగ్గర ఆపరాదు కదా! పల్లెటూరి దంపతుల దగ్గరికి వచ్చేదాకా చదివించింది. అక్క తిరిగొచ్చి తన వంతు కలకండ తీసుకుంది గాని నోట్లో వేసుకోలేదు.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. ఆయమ్మ స్టేషనుకు పోయింది. అమ్మ నావైపు చూసి తలాడించింది. నేను పుస్తకంలోకి చూస్తూ, లేని వాక్యాలు అల్లడం మొదలుపెట్టాను. అప్పుడే దొర బండి దిగినాడు, ఆమె చెయ్యి పట్టుకున్నాడు, జరిగిందేదో జరిగిందన్నాడు.

"పుస్తకంలో ఉండేది చదువు" అంది అక్క.

"అదే కదా చదువుతాండేది."

"ఇంతసేపూ నీ కళ్ళు ఈ కొస నుంచి ఆ కొసకు పోతా ఉండె. ఇప్పుడు ఒకే చోట ఉండాయి. నాకు అక్షరాలు రావు గాని కళ్ళు ఉండాయి కదా. చదువు."

చదివాను. అంతకంటే వేరే దారి లేదు. అయిపోయాక ఎవరూ చింతపండు ముట్టలేదు. పక్కింటి అత్త ముక్కు చీది, "ఎంత చేసినా ఇట్లా పోవాల్సింది కాదమ్మా" అంది. నెలరోజులు నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి ఆమే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ మాత్రం, "ఆపొద్దు మే, చదువు. ఈడ ఆపితే ఇల్లేమి కావాల" అంది.

దీపాలు పెట్టే వేళ దాకా చదివాను. మిలిటరీవాడు యుద్ధానికి పోయాడు. పల్లెలో గాలివాన వచ్చింది, అడవిలో ఉన్న పసిబిడ్డకు ఏమీ కాలేదు. అక్కడ అవ్వ చెయ్యెత్తింది. "చాలు. బిడ్డ చల్లగా ఉండాడు. ఈడ ఆపు." అందరికీ కలకండ పెట్టింది. అక్క చెయ్యి చాపలేదు.

"ఆ పిల్లోడు ఏమైనాడు?" అని అడిగింది.

"వానలో చిక్కుకున్నోడా? బాగుండాడు కదా."

"వాడు కాదు. ఆయమ్మ కొడుకు. ఆయమ్మ పోయిన తర్వాత వాడి సంగతి ఎవురన్నా అడిగినారా? ఇంకా ఉండాయి కదా పేజీలు, చూడు."

లాంతరు దగ్గరికి జరిగి మిగిలిన పేజీలు తిరగేశాను. దేవుడి గురించి ఉంది, చుక్కల గురించి ఉంది, పసిబిడ్డ స్నానం గురించి ఉంది. పిల్లవాడి ఊసు నాకు దొరకలేదు. లేదని చెప్పాను. అక్క చాటలోని గింజలు చేత్తో పక్కకు నెట్టి లేచిపోయింది.

మరునాడు తెల్లారి చూస్తే అక్క లేదు.

నాయన కొట్టు తెరవకుండా బస్సుల దగ్గరికి పరుగెత్తాడు. నేను రైలు కట్ట పట్టుకుని పోయాను. ఎంత దూరం పోయానో తెలియదు. పట్టాల వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం. దూరంగా ఏ రంగు గుడ్డ కనబడినా అది అక్క చీరే అనిపించింది. ఒకచోట రాళ్ళ మధ్య ఎర్రగా ఏదో కనిపిస్తే అక్కడే కూర్చుండిపోయాను. తీరా అది చిరిగిన గోనెసంచికి చుట్టిన పాత రవికె గుడ్డ. నేను చదవకుండా ఉంటే, నాకు తెలుగు రాకుండా ఉంటే అని ఏడ్చుకుంటూ స్టేషను చేరాను. అక్క గుర్తులు చెబితే టికెట్లిచ్చే ఆయన, అట్లాంటి మనిషి మొదటి బండికి మద్రాసుకు టికెట్టు తీసుకుందన్నాడు. పొన్నేరి పోవాలంటే మద్రాసులో బండి మారాలి. నాకు కొంచెం ఊపిరాడింది. కానీ పోయినదాన్ని అక్కడేం చేస్తారో, వాళ్ళు తరిమేస్తే తిరిగి ఎట్లా వస్తుందో, అసలు వస్తుందో రాదో. బస్సుల దగ్గర వెతికి నాయన కూడా స్టేషనుకు వచ్చాక ఇద్దరం ఆ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాం. వచ్చిన ప్రతి బండికీ లేచి నిలబడ్డాం.

పొద్దు వాలే వేళ బండిలోంచి అక్క దిగింది. భుజం మీద పిల్లవాడు నిద్రపోతున్నాడు. నాయన జనాన్ని తోసుకుంటూ అక్క దగ్గరికి పోయాడు.

"దొంగతనంగా పోలేదు నాయినా" అంది అక్క. "మండీలో జనం మధ్యలో, మూటల మీద కూర్చున్నా. బిడ్డను సెలవులకు పంపించేదాకా లేవనన్నా. బేరాలు నిలిచిపోయినాయి. మా మామే ఎత్తుకొచ్చి చేతికిచ్చినాడు."

నాయన పిల్లవాణ్ణి తీసుకోబోయాడు. ఆ కదలికకు వాడికి మెలకువ వచ్చింది. మమ్మల్ని పట్టించుకోలేదు. వాళ్ళమ్మ గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకున్నాడు.

"మా, నువ్వు మళ్ళా ఎప్పుడు చచ్చిపోతావు?" అని అడిగాడు.

మీ అమ్మ చచ్చిపోయిందని పొన్నేరిలో వాడికి చెప్పిపెట్టారు. అక్క వాణ్ణి నాయనకు ఇవ్వలేదు. ఇంటిదాకా తనే ఎత్తుకుని నడిచింది. బజారు పొడవునా వాడు అదే మాట అడుగుతూనే ఉన్నాడు, అడిగిన ప్రతిసారీ ఆమె, "పోను నాయినా, పోను" అని చెబుతూనే ఉంది.