ఎవరి పిల్లా కాని పిల్ల

పద్మినికి కోపమొస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది. ఉగాది వేడుకలకని, అట్లాంటా పక్కనున్న కమ్మింగ్ ఊళ్ళో తెలుగువాళ్ళు అద్దెకు తీసుకున్న హైస్కూల్ ఆడిటోరియంలో, ఆ మధ్యాహ్నం ఆ ముక్కు మిరపపండయింది. చేతిలో తెలుగు సంఘం వాళ్ళు అప్పుడే పంచిన పండగ సంచిక, సావనీరు. అందులో ఆమె రాసిన కథ. ఆఖరి పేజీ మాత్రం ఆమెది కాదు.

అట్లాంటాలో ఏళ్ళ తరబడి పిల్లల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆమె. ఒకసారి గ్యాస్ స్టేషన్ వెనక పడి ఉందని ఎవరో ఒక పిల్లను ఆసుపత్రికి తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, పెదాలు ఎండి పగిలిపోయాయి. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే, నీ వాళ్ళెవరని. దాహంగా ఉందా అని అడిగిన నాథుడు లేడు. జ్వరం తగ్గాక ఆ పిల్లను ఏదో హోముకి తీసుకుపోయారు. పద్మిని మనసులోంచి మాత్రం ఆ పిల్ల పోలేదు.

రిటైరయ్యాక కథ రాద్దామని కూర్చుంటే ఆ పిల్లే వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తే, మనవాళ్ళు కాదుగా అని పేజీ తిప్పేస్తారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకని, పాతకాలపు యుద్ధం కథైతే చివరిదాకా చదువుతారని, పిల్లను క్రూసేడ్ల కాలానికి, ఎకర్ అనే రేవు పట్నానికి పంపింది. అక్కడ దేవుడి పేరు చెప్పుకుని రెండు సైన్యాలు కొట్టుకు చస్తుంటాయి. వీధుల్లో పెరిగిన ఆ పిల్ల తోలుతిత్తితో ఇరుపక్షాలకూ నీళ్ళు మోస్తుంది. యుద్ధం ముగిసిన రోజున జ్వరంతో మఠం తలుపు తట్టి గుక్కెడు నీళ్ళడుగుతుంది. “ఎవరి పిల్లవే?” అంటాడు కాపలావాడు. చెప్పడానికి పిల్ల దగ్గర ఏమీ లేదు. తలుపు మూసుకుంటుంది. కథ అంతే.

సావనీరులో తలుపు మూసుకోలేదు. పిల్ల భుజం మీద పుట్టుమచ్చ బయటపడింది! లోపలినుంచి ఓ ఫ్రాన్సు దొరసాని పరుగున వచ్చి, “నా తల్లీ, నా బంగారూ” అని కావలించుకుంది. వెండి గిన్నెతో పాలు కూడా తాగించింది.

సావనీరు సంపాదకుడు హరనాథ్, రిటైరైన ఇంజనీరు, స్టేజి పక్కన శాలువాలు సర్దుతూ దొరికాడు.

“ఏంటండీ ఈ పుట్టుమచ్చ? ఎవర్నడిగి పెట్టారు?”

“అయ్యో డాక్టరు గారూ, ఫీలవకండి. చిన్న ఎడిట్ చేశానంతే. పండగపూట దిక్కులేని పిల్లని గుమ్మంలో వదిలేస్తామా చెప్పండి? చదివేవాళ్ళకి జాలి పుట్టాలి కదా.”

“దొరగారి బిడ్డని తేలితే గానీ పుట్టదా మీకు జాలి?”

“సన్మానం అయ్యాక మాట్లాడుకుందామండీ. నెక్స్ట్ మీ పేరే,” అని నవ్వేశాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చెడ్డవాడైతే నాలుగు దులిపి పోవచ్చు. హరనాథ్ మంచివాడు. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందుంటాడు. కాకపోతే ముందు అడుగుతాడు, మీ ఇంటిపేరేమిటి, మీదే ఊరు అని. మంచితనానికి కూడా చిరునామా కావాలి, ఏం మనుషులో!

అంతలో కూచిపూడి వేషంలో ఉన్న ఒక చిన్నపిల్ల, చెమటకి కాటుక కారిపోతుంటే, వాళ్ళ మధ్యకి వచ్చింది.

“అంకుల్, వాటర్ కావాలి.”

ముఖ్య అతిథుల కోసం పెట్టిన సీసాల్లోంచి హరనాథ్ ఒకటి తీశాడు. ముద్దుగా వంగాడు. “ఎవరమ్మాయివమ్మా నువ్వు? మీ డాడీ పేరేంటి?”

సీసా ఇంకా అతని చేతిలోనే ఉంది. పిల్ల దాని వంకే చూస్తోంది.

పద్మిని ఆ సీసా లాక్కుని, మూత తీసి పిల్ల చేతికిచ్చింది. “ముందు తాగనివ్వండి,” అంది. పిల్ల గటగటా తాగేసి డాన్సు జట్టు దగ్గరికి పరిగెత్తింది.

మైకులో పద్మిని పేరు పిలిచారు. ఆమె స్టేజి ఎక్కింది గానీ శాలువాకి భుజం ఇవ్వలేదు. మైకు అందుకుంది.

“ఆ పుట్టుమచ్చ నాది కాదండీ. నా కథలో ఆ పిల్ల ఎవరి పిల్లా కాదు. నేను రాసిన చివరే చెప్తాను, వినండి.”

ఆమె మఠం గుమ్మం దాకా చెప్పుకొచ్చింది, పిల్ల తలుపు తట్టింది, కాపలావాడు తొంగిచూశాడు.

“ఎవరి పిల్లవే?”

ఆ మాట అంటూ ఆమె పక్కకి చూసింది. హరనాథ్ మడత విప్పని శాలువా పట్టుకుని తల దించుకున్నాడు.