నూనె రాసిన బూట్లు

నాచారంలో ఒంటరిగా గదిలో ఉన్న రోజుల్లో, ఉప్పల్ మైదానంలో ఆదివారాలు ఫుట్‌బాల్ ఆడేవాళ్లు నన్నూ పిలవాలని పాత బూట్ల జత కొన్నాను. వాటిని ఎలా చూసుకోవాలో గ్రంథాలయ పుస్తకంలోనే నేర్చుకున్నాను: లోపల పేపర్లు కుక్కాలి, నీడలో ఆరబెట్టాలి, తోలుకు నూనె రాయాలి. నెలపాటు శ్రద్ధగా రాశాను.

ఒక ఆదివారం మనిషి తక్కువై నన్ను పిలిచారు. నాలుగడుగులు పరుగెత్తగానే సోలు ఊడిపోయింది. గోల్‌కీపర్ దాన్ని ఎత్తి వాసన చూశాడు.

"ఏందన్నా, రెక్సిన్ బూట్లకు నూనె వెట్టినవా? బజ్జీలు గిట్ల ఏస్తవా ఏంది!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా బూట్లు తోలువి కావని చూసుకోనేలేదు. నూనెకు జిగురు వదిలేసింది.

సోలు కుట్టించుకుని మరుసటి ఆదివారం మైదానం అంచు గీత పక్కన నిలబడ్డాను. వాళ్లకు మనుషులు సరిపోయారు. బూట్లకు మట్టి అంటలేదు. అయినా గదికొచ్చి తుడిచి, లోపల పేపర్లు మార్చాను.