లెన్స్ ముందు జిలటిన్ కాగితం

2016 వేసవి. నల్లగొండలో నేను ఆపరేటర్‌గా పనిచేసే థియేటర్ అప్పటికే డిజిటల్‌కు మారింది. పాత ఫిల్ము ప్రొజెక్టర్ మాత్రం క్యాబిన్‌లో ఓ మూల అలాగే ఉంది. ఒక పాత రంగుల చిత్రానికి మిగిలిన ఒకే ఒక్క ప్రింటు మా దగ్గర ఉందని తెలిసి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీర్ మేడం వచ్చింది. ఆ చిత్రానికి కెమెరా అసిస్టెంట్‌గా పనిచేసిన కరీం చాచాది మా ఊరే. ప్రింటు తెర మీద వేస్తే, అసలు రంగులు ఎలా ఉండేవో ఆయన చెప్పాలి. ఆయన మాటను బట్టి ఆమె రంగులు సరిచేస్తుంది.

ముందు రోజు ఒక రీలు వేసి చూసుకుని నీరుగారిపోయాను. తెరంతా ఎరుపు. ఆ కాలపు కలర్ ప్రింట్లలో మూడు రంగుల పొరలుంటాయి. వేడికి నీలం వైపు పొర ముందుగా వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. డబ్బాలు కింద చల్లటి గదిలో పెట్టమని థియేటర్ యజమాని సేటు ఎప్పుడో చెప్పాడు. మోసుకుని మెట్లు దిగే బద్ధకంతో నేను వాటిని పైన రేకుల గదిలో పడేశాను. ఏళ్ల తరబడి మా ఎండలకు ఆ రేకుల కింద అవి ఉడికిపోయాయి.

నిజం తెలిస్తే సేటు నన్ను ఉంచడని భయం. నాటకాల లైట్లకు వాడే నీలాకుపచ్చ జిలటిన్ కాగితం కత్తిరించి లెన్స్ ముందు బిగించాను. ఎర్రబారిన ప్రింట్లకు ఆపరేటర్లు చేసే పాత ఉపాయమే ఇది. ఎరుపు అణుగుతుంది కానీ పోయిన రంగు తిరిగి రాదు. మామూలు ఆటకైతే అది సర్దుబాటు. ఆ రోజు మాత్రం మోసమే.

చెరువు గట్టు మీద పొద్దుగూకే సన్నివేశం రాగానే చాచా చెయ్యెత్తాడు. ఆట ఆపి కిందికి వెళ్లాను.

"యాదగిరీ, ఆకాశం గిట్ల పచ్చగ లేకుండె బేటా. ఊదా రంగు. గా రంగు పడేదాక కెమెరామెన్ మమ్ముల తిండి గూడ తిననియ్యలే. ఏం లాంపు పెట్టినవ్? అప్పుడు కార్బన్లు గద?"

కార్బన్ కడ్డీలు మండించిన వెలుగుకూ ఇప్పటి జెనాన్ లాంపు వెలుగుకూ తెలుపులో కొంత తేడా ఉంటుంది. ఊదాను ఆకుపచ్చగా చూపేంత తేడా కాదు.

"లాంపు మంచిగనే ఉంది చాచా. నీకు కంటి ఆపరేషన్ అయ్యి నెల గూడ కాలే. రంగులు గట్లనే అగుపడ్తయి" అన్నాను.

మా అమ్మకూ ఆ శుక్లాల ఆపరేషనే అయింది. తర్వాత రంగులు మరింత తేటగా కనిపిస్తాయని నాకు బాగా తెలుసు.

"ఇలాగే ఉంచమంటారా?" అని మేడం ఆయన్ని అడిగింది.

చాచా నవ్వాడు. "దవాఖానోళ్లు కంట్ల కొత్త అద్దం ఏసిర్రు గని, పాత పొద్దు ఎయ్యలే. వీడు దినాం చూసెటోడు. వాని మాటే ఖరారు చెయ్ బిడ్డా."

స్కాన్‌లో ప్రింటు ఎర్రగా ఉందేమిటని తర్వాత ఆమె ఫోన్ చేసింది. మా లాంపు వెలుగులో ఆ ఎరుపు తెలియలేదని బొంకాను. చాచా ఒప్పుకున్న రంగులే ఖాయమయ్యాయి. ఆ కాపీయే ఇప్పుడు టీవీలో వస్తోంది.

కొన్నేళ్లకు ఒక బట్టల దుకాణంలో చాచా కనిపించాడు. చేతిలో నీలం అంగీ గుడ్డ. "ఇది నీలమేనా?" అని దుకాణదారును అడుగుతున్నాడు.

"రంగు గురించి నువ్వు మమ్ముల అడుగుడేంది చాచా?" అని అతను నవ్వాడు.

"నా కండ్ల మీద నాకే భరోసా లేదు బిడ్డా."

బయటికి రాగానే ఆయన చెయ్యి పట్టుకుని అంతా చెప్పాను. రేకుల గది, జిలటిన్ కాగితం, ఫోన్‌లో బొంకిన మాట. ఆయన కొన్న గుడ్డను ఎండలోకి ఎత్తి చూసుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"టీవీల గూడ పచ్చగనే వచ్చె. ఇగ నా కండ్లే ఖరాబైనయనుకున్న" అన్నాడు. "నా ఒక్కనికి చెప్తే ఏమొస్తదిరా? గా సినిమా చూసెటోళ్లందరికి చెప్పు."

మేడంకు ఫోన్ చేశాను. కాపీ తన చేయి దాటిపోయిందని, ఇప్పుడేమీ చేయలేనని చెప్పింది. ఇప్పుడు ఎవరు పాత రీలు తెచ్చినా, లాంపు వెలిగించక ముందే దాని స్థితి చెప్పేస్తున్నాను. ఈ మాత్రం నేర్చుకోవడానికి ఒక మనిషి తన చూపునే అనుమానించుకుంటూ ఇన్నేళ్లు బతకాల్సి వచ్చింది.

ఆ సన్నివేశంలో ఆకాశం ఊదా రంగు. కరీం చాచా కళ్లు సరిగ్గానే చూశాయి.