నోట్‌బుక్కులో ‘మరి?’

దీపావళి వెళ్లాక చారల బాతులు వస్తాయని నా భార్య నోట్‌బుక్కులో ఉంది. తలమీద రెండు నల్లచారలుండే పెద్ద బాతులవి. హిమాలయాలు దాటి మన మంజీర డ్యాము వెనకనీళ్లకు వస్తాయట. ఆమె పోయాక ఇది రెండో దీపావళి. నాకు రిటైరై మూడేళ్లు. ఈ ఏడు ఆమె బైనాక్యులరు మెడలో వేసుకుని, జహీరాబాద్‌లో షేర్ ఆటో ఎక్కి, ఝరాసంగం దాటాక దిగి, శనగచేల గట్లమీదుగా నీళ్లదాకా నడిచాను.

నిజం చెప్పాలంటే నేను పిట్టల మనిషిని కాను. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో తయారైన భాగాలకు వంకలు పెట్టడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ పని మానలేదు. ఆదివారం పొద్దున్నే ఆమె బయల్దేరుతుంటే, "బాతులను జూసుడు గూడ ఒక పనేనా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"జర మీరు గూడ రారాదుండ్రి," అనేది.

"వచ్చే వారం జూద్దాం తియ్యి."

ఆ వచ్చే వారం రానే లేదు.

నోట్‌బుక్కు ఆమె పోయాకే తెరిచాను. ఆమెది కోహీర్ దగ్గరి పల్లె. పుట్టింట్లో కన్నడం, బడిలో తెలుగు. అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాసుకుంది. "చారల బాతులు పద్నాలుగు. మరి?" అని ఒక పేజీ. మరుసటేడు, "ఇరవై రెండు. మరి?" ఏటా చివర్న అదే ప్రశ్న.

అది నన్నే అడిగిందనుకున్నాను. ఇవన్నీ వచ్చాయి, మరి మీరెప్పుడొస్తారు అని. ఏడాదిన్నరగా ఆ ఒక్క మాట ముల్లులా గుచ్చుకుంటోంది. సంజాయిషీ చెప్పుకుందామంటే వినే మనిషి లేదు. అందుకే వచ్చాను. ఆలస్యంగానైనా వచ్చానని ఆమె చివరి పేజీ కింద రాసి వెళ్దామని జేబులో పెన్ను కూడా పెట్టుకున్నాను.

బాతులు ఒడ్డుకు కాస్త దూరంలో గడ్డి మేస్తున్నాయి. ఒకసారి లెక్కపెడితే పదిహేడు, ఇంకోసారి పంతొమ్మిది. కదలకుండా ఉండవు కదా, వాటిమీద కోపమొచ్చింది. అందులో ఒకదానికి తలమీద చారలే లేవు. బైనాక్యులరు అద్దం చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చూశాను. లేవు. పెయింటు పడకుండానే బయటికొచ్చిన పీసులా ఉంది. పక్కకు తిరిగి, "చూశావా, ఇందులో కూడా ఒక రిజెక్టు," అనబోయాను. పక్కన ఎవరున్నారని!

అప్పుడే వెనక ఒక ఆడమనిషి గట్టిగా అరిచింది. "మరీ! ఏ మరీ! బా ఇల్లి!"

చటుక్కున తిరిగి చూస్తే గొర్రెల మంద. ఆమె బురదలోకి దిగిన ఒక పిల్లను చెవి పట్టుకుని లాగుతోంది.

"ఎవర్ని పిలుస్తున్నవ్ అక్కా?"

"దీన్నే సార్. మరి అంటే పిల్ల. మా కన్నడంల గట్లనే అంటరు. గొర్రెకైనా మరే, కోడికైనా మరే."

"బాతుకు గూడనా?"

"ఎందుకు గాదు? గా చారలు లేంది ఉన్నది జూడు, గది మరే. మొన్న వచ్చిన కాడికెల్లి దాని అమ్మ ఎన్కనే తిరుగుతున్నది." పిల్లను చంకన పెట్టుకుని ఆమె మంద వెనక వెళ్లిపోయింది.

గట్టుమీద కూలబడ్డాను. మనసు తేలికపడాలి నిజానికి. నా భార్య నన్ను దెప్పలేదు. ఈసారి పిల్ల వచ్చిందా అని చూసుకుంది, అంతే. కానీ ఏడుపొచ్చింది. కనీసం ఆ దెప్పిపొడుపైనా నాకోసం మిగిల్చి వెళ్లిందనుకుని ఇన్నాళ్లూ పట్టుకుని కూర్చున్నాను. అదీ నాది కాదు. ఆ నోట్‌బుక్కులో నేను ఎక్కడా లేను.

ఆమె తల్లితో ఫోన్లో మాట్లాడినప్పుడు ఆ మాట ఎన్నిసార్లు అన్నదో. నేను టీవీ సౌండు పెంచేవాణ్ణి. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె భాషలో పిల్లనేమంటారో తెలుసుకోని మనిషిని, ఆమె ప్రశ్న నాకే అనుకున్నాను.

ఎండ చురుక్కుమనేదాకా అక్కడే ఉన్నాను. చారల్లేని ఆ బాతు రెండు పెద్దవాటి మధ్య దూరి మేస్తోంది. నోట్‌బుక్కు తీసి, ఆమె చివరి వరుస కింద రాశాను. "చారల బాతులు పంతొమ్మిది. మరి ఒకటి వచ్చింది."

చేతిరాత వంకరగా పడింది. దానికి వంక పెట్టాలనిపించలేదు. దాని కింద ఇంకో మాట రాశాను.

"మరి?"

ఇది మాత్రం ఆమెను తెలుగులో అడిగాను.