కనకాంబరాలను చంపింది చలి కాదు

మా పక్కింటి అక్క అడిగినప్పుడు కనకాంబరం చెట్లు చలికి పోయినాయన్నాను. నేను నీళ్లు పోయలేదన్న సంగతి చెప్పలేదు.

కోసిగి దగ్గర మా ఊళ్లో నాది ఎరువుల అంగడి. మొక్కలకు ఏం తెగులొచ్చినా జనం నన్నే అడుగుతారు. ఆ అక్క ఒంటరి మనిషి. ఏటా చలికాలం ఊళ్లో సగం మందితో కలిసి గుంటూరు వైపు పత్తి తీసేదానికి, మిరప కోసేదానికి సుగ్గికి పోయేది. కూలి వలసకు మా వైపు మాట అది. ఒక ఏడు పెరట్లో నలభై కనకాంబరం మొక్కలు నాటింది. ఎప్పుడూ ఆకు రాల్చని పొద అది, కుదురుకుంటే ఏడాదంతా పూస్తుంది. ఆ పూలు సంతలో అమ్ముకుంటే ఊరు వదలక్కరలేదని ఆమె ఆశ.

"ఈ ఒక్క సుగ్గే అప్పా. ఇవి నిలబడితే వచ్చే ఏడు నేను యాడికీ పోను" అని వాటిని నాకు అప్పగించింది. "పొద్దు గూకక ముందే ఈ పాత చీరలు చుట్టూ నాటిన కట్టెల మీద కప్పు, ఆకుకు తగలనీయొద్దు. ఎండ పడినాక తీసేసి నీళ్లు పొయ్యి. తడి నేల రాత్రికి వెచ్చగుంటాది."

"ఎరువుల అంగడోనికే పాఠం చెప్తాండావా అక్కా?"

"నీకు మూటలు అమ్మేది తెలుసు. మొక్కలు తెలుసని ఎవరు చెప్పినారు?" అని నవ్వింది.

పది రోజులు చెప్పినట్టే చేశాను. తర్వాత పని మీద పత్తికొండకు పోతే మల్లెతోట రైతొకాయన మాటల్లో అన్నాడు: "చలికాలం నీళ్లు ఆపల్లన్నా. ఎండగడితేనే పూత." ఎండగట్టడమంటే చెట్టును పస్తు పెట్టడం. మల్లె ఆ పస్తుకు ఆకు రాల్చి మళ్లీ చిగురిస్తుంది. కనకాంబరం తట్టుకోలేదు. నాకు తెలియక కాదు. బిందెలు మోసే పని తప్పుతుందని ఆ మాటను పట్టుకున్నాను. చీరలు కప్పడం ఒకరోజు మరిచాను, ఆ తర్వాత మానేశాను. ఆకులు ముడుచుకుని అంచులు నల్లబడినప్పుడైనా నీళ్లు పోసి ఉంటే కొన్ని బతికేవి. ఇక దండగని నాకు నేనే చెప్పుకున్నాను.

ఉగాదికి ముందు ఆమె తిరిగొచ్చింది. ఎండిన కొమ్మ ఒకటి విరిచి చూసింది.

"ఏమైందప్పా?"

"ఈసారి చలి శానా ఎక్కువక్కా."

"చలికి ముందు నాటింది నాదే తప్పులే" అంది.

ఎరువుల అంగడాయన చెప్పాడని ఊరూ నమ్మింది. మా నేలలో కనకాంబరం చలికి ఆగదన్న మాట నిలిచిపోయింది. ఆమె మరో నాలుగేళ్లు సుగ్గికి పోయింది. పోయిన ప్రతిసారీ ఇంటి తాళంచెవి నా చేతికే ఇచ్చేది.

మోకాళ్లు మొరాయించి, పోయిన చలికాలం ఊళ్లోనే ఉండిపోయింది. ఒక పొద్దున ఆమె నా అంగట్లో కూర్చుని ఉండగా, ఊరికి కొత్తగా వచ్చిన కోడలొకామె కనకాంబరం నారు తెప్పిస్తారా అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది: "వద్దు తల్లీ, చలికి ఆగవు. ఈయప్పనే చెప్పినాడు. అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు.

"చలి కాదక్కా" అన్నాను. "నేను నీళ్లు పోయలేదు. చీరలూ కప్పలేదు. నువ్వు మళ్లీ సుగ్గికి పోయింది నా వల్ల."

అక్క నిదానంగా అంది: "అప్పుడే చెప్పింటే మళ్లా నాటుకునేదాన్ని కదప్పా."

మొక్కల విషయంలో తప్పే ఒప్పుకుందామనుకున్నాను. అంతకన్నా పెద్ద తప్పు ఆమె నోటి నుంచే విన్నాను.

"చెప్పకపోవడమూ నా తప్పే అక్కా" అన్నాను. "నన్ను మన్నించు."