వ్యానుకు రెండు మెట్లు

నేను డ్రిల్లు టీచర్ని. సర్కారు కాగితాల మీద ఆ ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది గానీ పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ, ఆఖరికి మా హెడ్మాస్టరుకు కూడా నేను డ్రిల్లు టీచర్నే. ఇరవై ఏళ్ళ నుంచి మెడలో విజిల్ వేసుకుని తిరుగుతున్నాను. ఆడపిల్లల ఖోఖో జట్లను మండలం దాటించి జిల్లా దాకా తీసుకెళ్ళాను. నేను ఒక్కసారి ఊదితే మూడువందల మంది వరసలో నిలబడతారు. మా ఇంట్లో మాత్రం ఒక్క మనిషి కూర్చున్న చోటు నుంచి లేవదు. ఆ మనిషి మా అమ్మాయి.

దానికి పదిహేనేళ్ళు. బుద్ధి వయసుతో పాటు ఎదగలేదు. ఆ సంగతి డాక్టర్లు రకరకాల మాటల్లో చెప్పారు. ఏడ్వాల్సిందంతా దాని మూడో ఏటనే ఏడ్చేశాం. ఇప్పుడది నవ్వుతుంది, అలుగుతుంది, మా ఊరు లక్డారంలో ఎదురైన వాళ్ళందరినీ వరసలు కలిపి పిలుస్తుంది. సెలవు రోజైతే గుమ్మం పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రోడ్డు మీద పోయే టిప్పర్లను పొద్దుగూకేదాకా చూస్తుంది.

నిజం చెప్పాలంటే దాన్ని కదలనిచ్చేవాళ్ళే మా ఇంట్లో లేరు. మంచినీళ్ళ కోసం లేవబోతే మా అత్తమ్మ తన మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి పరుగెత్తుకొస్తుంది. "కూసో బిడ్డా, నేను తెస్త గద" అంటుంది. చెప్పు దూరంగా పడితే మా ఆయన తెచ్చి కాలికి తొడుగుతాడు. నేనేమీ తక్కువ తినలేదు, జడ నుంచి గోళ్ళ దాకా అన్నీ నేనే. "పాపం" అనే మాటను మా గల్లీలో దాని కోసమే దాచిపెట్టుకున్నట్టుంటారు. అలా పాపం పాపం అంటూ అందరం కలిసి దాని కాళ్ళకు పనే లేకుండా చేశాం. పదమూడు దాటాక ఒళ్ళు చేసింది. ఏడాది తిరిగేసరికి నా కుర్తాలు దానికి బిగుతయ్యాయి.

సంగారెడ్డిలో ఇలాంటి పిల్లల కోసం నడిపే ఒక బడికి వెళుతుంది. ఆ బడంటే దానికి ప్రాణం. ఆదివారం వ్యాను రాలేదని ఏడుస్తుంది. ఆ వ్యానుకు రెండు మెట్లు, మొదటిది మోకాలంత ఎత్తు. వ్యాను రాగానే ఇది రెండు చేతులూ పైకెత్తి నిలబడుతుంది. లోపలి నుంచి పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఆ చేతులు పట్టుకుని గుంజుతుంది, వెనక నుంచి నేను నెడతాను. ట్రాక్టర్లోకి వడ్ల బస్తా ఎక్కించినట్టే. వానలు మొదలైన రోజుల్లో ఒకనాడు అలా గుంజుతూ గుంజుతూ ఆయమ్మ "అమ్మో" అని కూలబడింది. నడుము పట్టేసింది.

ఆ వారమే బడి నుంచి పిలుపొచ్చింది. పెద్ద మేడం మంచి మనిషి. ముందు టీ తాగించింది. తర్వాత చెప్పింది.

"మీ పాపంటె మాకందరికి ఇష్టం మేడం. కానీ ఉన్నది ఒక్క ఆయమ్మ, వ్యాన్ల పన్నెండు మంది పిల్లలు. దసరా సెలవులు అయిపొయ్యేలోపల తనంతట తాను ఎక్కుడు నేర్వాలె. అప్పటిదాక ఎట్లనో అట్ల ఎక్కిస్తం. లేకుంటే వ్యాను పంపుడు కష్టమైతది."

నా బడి బొంతపల్లి అవతల, తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టులు. వ్యాను లేదంటే దానికి బడి లేదు. బడి లేదంటే ఇక బతుకంతా ఆ ఎర్ర కుర్చీ, ఆ టిప్పర్లు. నేను ఇది ఆలోచిస్తుంటే మేడం నవ్వుతూ ఇంకో మాట అన్నది: "మీరు పీఈటీ కద, ఎక్సర్‌సైజుల గురించి మీకు నేను చెప్పాల్నా?" ఖాళీ టీ కప్పు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాను.

మర్నాడే రంగంలోకి దిగాను. మొదట నడక. పొద్దున ఆరింటికి చెయ్యి పట్టుకుని బయల్దేరితే అది ప్రతి గుమ్మం ముందూ ఆగి "తిన్నవా? ఏం కూర?" అని అడిగేది. ఆరింటికి ఎవరింట్లో కూర ఉంటుంది? ఆ ఇంటివాళ్ళు "పాపం, గింత పొద్దుగాల నడిపిస్తున్నది సూడు" అని నా వంక ఒక చూపు చూసి, దాని చేతిలో బిస్కెట్లు పెట్టేవాళ్ళు. గల్లీ చివరికి పోయి వచ్చేసరికి గంట పట్టేది. ఈలోపు దాని కడుపులోకి రెండు టీలు, పొట్లం బిస్కెట్లు, సగం జొన్నరొట్టె. వారం తర్వాత తూచితే అది కిలో పెరిగింది, నేను రెండు కిలోలు తగ్గాను.

"ఒగలకైతె పనిజేసింది గద" అన్నాడు మా ఆయన. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత స్కిప్పింగ్ తాడు తెచ్చాను. మూడో రోజుకల్లా మా అత్తమ్మ దాన్ని పెరట్లో కట్టి చీరలు ఆరేసింది. తర్వాత పాటలు పెట్టి డాన్సు. చూసి నేర్చుకుంటుందని తలుపేసుకుని నేనే ఎగిరాను. నలభై మూడేళ్ళ మోకాళ్ళతో నేను ఎగురుతుంటే అది మంచం మీద చతికిలబడి చప్పట్లు కొట్టి, పాట అయిపోగానే "ఇంకోటి" అనేది. బిస్కెట్ల డబ్బాకు తాళం వేస్తే మా అత్తమ్మ కొంగున సర్వపిండి ముక్కలు మూట కట్టడం మొదలుపెట్టింది.

"పొల్ల సగమైంది. నీ కండ్లకు కనవడ్తలేదా?" అని నన్నే దబాయించింది.

ఆ సగం ఎటు పోయిందో నాకైతే కనబడలేదు. ఒకనాడు ఓపిక నశించి, కుర్చీలోంచి లేవమని దాని మొహం మీదే విజిల్ ఊదాను. చెవులు మూసుకుని భోరున ఏడ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. విజిల్ తీసి గుమ్మం పక్కన మేకుకు తగిలించి, ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను.

మా మేడ మీద నాలుగు గదులు కట్టి కిరాయికిచ్చాం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసే బీహారు, ఒడిశా వాళ్ళు ఎనిమిది మంది ఉంటారు. ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళు మా వాకిట్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. నేను వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్నాను. ఉన్నట్టుండి విజిల్ మోగింది. కిటికీలోంచి చూస్తే మేకుకు ఉండాల్సిన విజిల్ మా అమ్మాయి నోట్లో ఉంది. ఎర్ర కుర్చీలో కూర్చుని అచ్చం నాలాగే బుగ్గలు పొంగించి ఊదుతోంది.

ఇంటివాళ్ళ పిల్ల ఊదుతోంది, ఎందుకైనా మంచిదని ఎనిమిది మందీ లేచి నిలబడ్డారు. అది వేలితో గీత గీసి చూపించింది. వరసలోకి వచ్చారు.

"చేతులు లేపుండ్రి!" అని ఆర్డరు వేసింది.

వాళ్ళకు తెలుగు రాదు. మొహాలు చూసుకున్నారు. ఒకాయన వెళ్ళిపొమ్మంటోందేమో అనుకుని మెట్ల వైపు కదిలాడు. ఇంకొకాయన కూర్చున్నాడు.

"లేపుండ్రి!" అని అరిచింది. ఎవరూ లేపలేదు. దానికి ఒళ్ళు మండింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఎవరి చెయ్యీ లేకుండా లేచింది. రెండు అడుగులు ముందుకేసి, తన రెండు చేతులూ పైకెత్తి, "గిట్ల!" అన్నది. ఎనిమిది మంది చేతులు లేచాయి. "కూసోండ్రి" అన్నది. వాళ్ళు చేతులెత్తుకుని అలాగే ఉన్నారు. మళ్ళీ విసుక్కుని, మోకాళ్ళు వంచి సగం దాకా కూర్చుని లేచి చూపించింది. వాళ్ళూ కూర్చుని లేచారు. పది నిమిషాలకు దాని జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

పిండి చేతులతో నేను అలాగే నిలబడిపోయాను. పుట్టినప్పటి నుంచి దానికి అందరూ చెప్పేవాళ్ళే. లే, కూర్చో, తిను, పడుకో. అది చెబితే వినే మనిషి ఒక్కడు కూడా లేడు. ఇప్పుడు ఒకేసారి ఎనిమిది మంది దొరికారు, పైగా చేసి చూపిస్తే తప్ప అర్థం కానివాళ్ళు. దేవుడు నా మొర ఆలకించి మేడ మీద కిరాయికి దిగాడని సంబరపడ్డాను.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి డ్రిల్లు. షిఫ్టు లేనివాళ్ళు వచ్చేవాళ్ళు. అంతా బాగుందనుకునేసరికి వాళ్ళలో పెద్దాయన, యాభై దాటిన మీసాలాయన, కొంప ముంచబోయాడు. ఆయన రోజూ వింటూ తెలుగు నేర్చేసుకున్నాడు. అది "చేతులు" అనగానే ఈయన ఠకీమని ఎత్తేసేవాడు, ఆయన్ని చూసి మిగతావాళ్ళు ఎత్తేవాళ్ళు. అది నాలుగు రోజులు చూసింది. పనైపోతోంది కదా అని హాయిగా కుర్చీలోనే కూర్చుని ఆర్డర్లు వేయసాగింది. నేను ఆయన్ని పక్కకు పిలిచాను.

"ఆంటీ, నాకు తెలుగు వస్తా ఉంది" అన్నాడు గర్వంగా, నాకంటే పదేళ్ళు పెద్దవాడు.

"నహీ ఆతీ. ఆప్ కో తెలుగు బిల్కుల్ నహీ ఆతీ. మీకు తెలుగు అస్సలు రాదు, సమజైందా?" అన్నాను.

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. కానీ సంగతంతా చెబితే మీసం దువ్వుకుని, మర్నాటి నుంచి ఎంత బాగా తెలుగు మరిచిపోయాడంటే "చేతులు" అంటే నాలుక బయటపెట్టేవాడు. దానికి చచ్చే కోపం వచ్చి లేచి నాలుగేసి సార్లు చూపించేది.

ఇంకొన్నాళ్ళకు హాజరు కూడా మొదలైంది. ఒకరోజు ఒడిశా వాళ్ళలో ఒకాయన రాలేదు. "ఏడి?" అన్నది. పైన పడుకున్నాడని చేతులతో చెప్పారు. అది మేడ మెట్ల వైపు చూసింది. పద్దెనిమిది మెట్లు. గదులు కట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఎక్కలేదు. గోడ పట్టుకుని మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు దాని పక్కకు తెచ్చుకుంది. మళ్ళీ ఒకటి. కింద మా అత్తమ్మ "పడ్తదే, పట్టుకోండ్రే" అని గుండెలు బాదుకుంటోంది. నేను వెనకే చేతులు చాచుకుని ఎక్కాను. మధ్యలో రెండుసార్లు ఆగి ఆయాసపడింది. పైకెళ్ళి తలుపు దబదబా బాదితే పాపం ఆయన టవల్‌తోనే బయటికొచ్చాడు. దిగేటప్పుడు మాత్రం ప్రతి మెట్టు మీదా కూర్చుంటూ దిగింది. ఆ రోజు నుంచి ఎవరో ఒకరు కావాలనే ఆలస్యం చేసేవాళ్ళు.

సెలవులొచ్చాయి. బతుకమ్మ దగ్గర నాలుగు చుట్లు తిరుగుతుందని ఆశపడ్డాను. ఆడవాళ్ళంతా తిరుగుతుంటే అది నడుమ కూర్చుని సత్తుపిండి గిన్నెలకు కాపలా కాసింది. పోనీలే, సాయంత్రం డ్రిల్లు ఉంది కదా అనుకున్నాను. సెలవులు అయిపోయేనాటికి మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. నేను గెలిచేశాననే అనుకున్నాను.

బడి తెరిచే రోజు పొద్దున్నే వ్యాను వచ్చి ఆగింది. మా అమ్మాయి సంచీ తగిలించుకుని ముందుకెళ్ళి, ఎప్పటిలాగే రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

మేడ మెట్లు వేరు, వ్యాను మెట్లు వేరు దానికి. వ్యాను వస్తే చేతులెత్తాలి, ఎవరో గుంజుతారు, అంతే. ఆయమ్మకు మేడం గట్టిగా చెప్పినట్టుంది. చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి కొరుక్కుంటూ ఎటో చూస్తోంది. మా అత్తమ్మ చూడలేక కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. నా చేతులు నాకు తెలియకుండానే పోయి దాని వీపుకు ఆనాయి. చెయ్యి తగలగానే అది ఒళ్ళంతా వదిలేసి, కుర్చీలో వాలినట్టు నా మీదికి వాలింది. మెట్లెక్కే పిల్ల నా చేతుల్లో మళ్ళీ బస్తా అయింది.

చేతులు తీసేశాను. ఆ క్షణం ఎంత భయం వేసిందో చెప్పలేను. అది తూలి, నిలదొక్కుకుని వెనక్కి తిరిగింది.

"అమ్మా, నూకు."

"నూకను."

"నూకు!"

"నూకను బిడ్డా. నువ్వే ఎక్కు."

దాని మొహం ఎర్రబడింది. నా భుజం మీద ఒక్కటి వేసింది. "నువ్వు మంచిగ లేవు" అన్నది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నా వేళ్ళు నేనే విరిచేసుకుంటున్నాను. అది విసురుగా తిరిగి వ్యాను తలుపు కమ్మీ పట్టుకుంది. కాలు ఎత్తి మొదటి మెట్టు మీద పెట్టింది. పిక్క వణుకుతోంది. ఒక్క ఊపున లేచి రెండో కాలు తెచ్చుకుంది. ఆగింది. మళ్ళీ కాలెత్తింది. లోపలికెళ్ళి కిటికీ పక్కన కూర్చుని మొహం అవతలికి తిప్పుకుంది. వ్యాను కదిలి రోడ్డు మలుపు తిరిగేదాకా నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నేను రోడ్డు పక్కన నిలబడి ఏడుస్తున్నాను. మా అత్తమ్మ కొంగు తీయకుండానే అడిగింది.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"ఎవలు ఎక్కిచ్చిండ్రు?"

"ఎవ్వలు ఎక్కియ్యలే అత్తమ్మా."