కొబ్బరి కప్పులో లేని బలం

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఎండాకాలం. సూరత్‌లోని ఉన్ అనే పేటలో నా ఐస్‌క్రీమ్ దుకాణం ముందు రోజూ రెండు వందల మంది నిలబడేవారు. సరే, ఇరవై మంది. అందులోనూ కొందరు బస్సు కోసం నిలబడ్డవాళ్లు.

ఆ ఏడాదే పాలు పడనివాళ్ల కోసం కొబ్బరిపాలతో ఒక రకం మొదలుపెట్టాను. పాల కొవ్వు లేనిదాన్ని మా వ్యాపారంలో ఐస్‌క్రీమ్ అనకూడదు, ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అనాలి. ఆ పేరుకు గిరాకీ రాదని బోర్డు మీద ఇంకో మాట చేర్చాను: ‘పాలు లేవు, పాలంత బలం ఉంది.’ ఎవరు చెప్పారని అడిగితే, పెద్ద సైంటిస్టు అనేవాణ్ణి. ఆ సైంటిస్టును నేనే.

దగ్గర్లోని సచిన్ పారిశ్రామికవాడలో మగ్గం నడిపే మా కరీంనగర్ మనిషి భార్య సరిత. వాళ్ల నాలుగేళ్ల మిన్నుకు పాలు తాగితే ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరు పాలు మాన్పించారు. సరిత రోజూ పొద్దున స్టీలు గిన్నెలో ఒక స్కూప్ వేయించుకుపోయేది. ఎందుకని నేను అడగలేదు.

రెండు నెలలకు ఒక పొద్దున గిన్నె ముందుకు జరిపి అంది.

"కాకా, అంగన్‌వాడీల బరువు చూసిన్రు. పిల్ల గింతన్న పెరగలే. ఇగ దినాం రెండు స్కూపులు ఎయ్యి."

"రెండెందుకు బిడ్డా?"

"పాల బదులు గిదే పెడ్తున్న గద! బలం సాల్తలేదేమో."

స్కూప్ పక్కన పెట్టేశాను. ముప్పై ఏళ్ల అనుభవంలో, అంటే పద్దెనిమిదేళ్లే, నా మాటను ఇంతగా నమ్మినవాళ్లను చూడలేదు.

"బోర్డు మీది ఆ రాత నేను పుట్టించిందే బిడ్డా. కొబ్బరిపాలల్ల కొవ్వుంటది. పిల్ల ఎదగనీకె కావాల్సిన ప్రొటీను, కాల్షియం పాలల్ల ఉన్నంత ఉండయి. మిగిలింది చక్కెర. ఆపైన ఓవర్‌రన్."

"గదేంది?"

"మిషన్ల తిప్పుతుంటే లోపలికి పోయే గాలి. అది లేకుంటే రాయి లెక్క గట్టిపడ్తది."

"అంటే నా బిడ్డకు రెండు నెలల సంది చక్కెర, గాలి పెట్టిననా? గింత వయసొచ్చింది, ఇంకా అబద్ధాలెందుకు కాకా?"

తడిగుడ్డతో బోర్డు తుడిచి, షట్టర్ దించి, సరితను, మిన్నును వెంటబెట్టుకుని ఆసుపత్రికి నడిచాను. అక్కడి డైటీషియన్, అంటే ఎవరికి ఏ తిండి సరిపోతుందో చెప్పే ఆమె, మన తెలుగమ్మాయే. నేరం నా నోటితోనే చెప్పాను. పడుతుందో లేదో చూసుకుంటూ కాల్షియం కలిపిన సోయాపాలు, వాటితోపాటు రాగిజావ, పప్పు, గుడ్డు పెట్టమని ఆమె రాసిచ్చింది.

"కొబ్బరిది పూర్తిగా మాన్పించక్కర్లేదు తాతగారూ. ఎప్పుడైనా, అన్నం తిన్నాక పెట్టొచ్చు," అంది.

నేనూ ఊరుకోలేదు. మిన్నుకు సోయాపాలు పడ్డాయని తెలిశాక వాటితో కొత్త రకం చేశాను. మిన్ను చెంచాడు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "ఛీ తాతా, నహీ చాహియే! పచ్చి చిక్కుళ్ల వాసన." మూడోసారి ఖర్జూరం వేస్తే గిన్నె నాకింది. కొబ్బరిదానికన్నా ప్రొటీను కాస్త మేలు, అంతే. తీపి తీపే.

ఇంకో మూడు నెలలకు మిన్ను బరువు పెరిగింది. అంతా నా సోయా మహిమేనని వీధంతా చాటాను. సరిత గిరాకీ ముందే నిలదీసింది.

"జావ కాసింది నేను, గుడ్లు ఉడకబెట్టింది నేను. పేరు నీకా కాకా?"

ఆమె చెప్పిందే నిజం.

ఇప్పుడు ఏ తల్లి వచ్చి ఇందులో ఏముందని అడిగినా, ముందు ఏం లేదో చెబుతాను. అంతా విని కూడా పిల్లకు ఒక కప్పు కొనిపెడుతుంది. కొనదేమోనన్న భయంతోనే అన్నాళ్లూ లేని బలం కలిపి అమ్మాను.